పక్షవాతం వచ్చి నాలుగు నెలలు: మూడు లక్షల ఇంజెక్షనా, మూడొందల గుండీలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 56 ఏళ్లు. జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రంలో టైలర్ షాపు నడిపేవారు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏది అడిగినా "అదే, అదే" అంటారు. ఇప్పుడు గోడ పట్టుకుని పది అడుగులు వేస్తున్నారు. కుడి మణికట్టు, వేళ్లు కొద్దిగా పైకి లేస్తున్నాయి కానీ చాక్‌పీస్ పట్టుకోలేరు. వారానికి రెండుసార్లు ఫిజియో వచ్చి చేయిస్తున్నాడు. తలుపుకు కప్పీ కట్టి తాడు లాగిస్తున్నాం, చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసికిస్తున్నాం. ఆరు నెలలు దాటితే ఇక రాదని అందరూ భయపెడుతున్నారు. ఒకరు పావురం రక్తం పూయమంటారు. సిటీలో స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ ఉంది, మూడు లక్షలవుతుందని ఇంకొకరు. రోబో మిషన్లున్న సెంటర్‌లో చేర్పించమని మరొకరు. అప్పు తెచ్చయినా పెడతాను, దేనికి పెట్టమంటారు? నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. నాన్న ఊరికే ఏడుస్తున్నారు.

జవాబు: ముందు మీ మూడు లక్షలను కాపాడుకుందాం. మిగతాది తర్వాత మాట్లాడుకోవచ్చు.

పక్షవాతానికి స్టెమ్‌సెల్స్ (కొత్త కణాలుగా మారగల మూలకణాలు) పనిచేస్తాయా లేదా అన్నది మన దేశంలోనే పరీక్షించి చూశారు. ఐదు కేంద్రాల్లో 120 మంది రోగులను తీసుకుని, సగం మందికి వాళ్ల ఎముక మూలుగ నుంచి తీసిన కణాలనే నరంలోకి ఎక్కించారు. ఫలితాలు 2014లో వచ్చాయి. హాని కనిపించలేదు, లాభమూ కనిపించలేదు. ఎక్కించినవాళ్లూ ఎక్కించనివాళ్లూ ఒకేలా కోలుకున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప, మిగతా జబ్బులకు స్టెమ్‌సెల్స్‌ను అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఫోన్‌లోనే మూడు లక్షలని రేటు చెప్పారంటే అక్కడితో ఆ ఫోన్ పెట్టేయొచ్చు.

పావురం రక్తం గురించి నవ్వకుండా చెబుతాను. ఎందుకంటే భుజం మీద ఎండిన నెత్తుటి చారలతోనే ఓపీకి వచ్చినవాళ్లు నాకు కొత్త కాదు, వాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పుడే కోసిన పక్షి రక్తం వెచ్చగా ఉంటుంది. చల్లబడ్డ చేతికి ఆ వెచ్చదనం తగిలితే ఏదో పాకినట్టే ఉంటుంది. పైగా మొదటి వారాల్లో మెదడులో వాపు తగ్గి, ఏ మందూ రాయకపోయినా కొంత కదలిక దానంతట అదే వస్తుంది. ఆ పేరు పావురానికి వెళ్తుంది. ఆ చేతికి స్పర్శ తక్కువగా ఉండవచ్చు కాబట్టి కాపడాలు, వేడి నూనెలు కూడా జాగ్రత్త. కాలినా ఆయనకు తెలియకపోవచ్చు.

రోబో విషయం కాస్త వేరు. అది మోసం కాదు, మంచి పరికరమే. కానీ బ్రిటన్‌లో 770 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోబోతో చేయించిన చేతి వ్యాయామం మామూలు చికిత్స కంటే చేతి పనితనాన్ని ఎక్కువేమీ పెంచలేదు. నడకదీ అదే కథ. నడుముకు బెల్టు కట్టి, బరువు తెలియకుండా వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించే పద్ధతిని అమెరికాలో 408 మందితో పరీక్షించారు. కొందరికి ట్రెడ్‌మిల్, కొందరికి ఇంటికే ఫిజియోథెరపిస్టు వచ్చి చేయించే వ్యాయామాలు, మొత్తం 36 సెషన్లు. ఏడాది తర్వాత చూస్తే 52 శాతం మంది నడక మెరుగైంది, గుంపుల మధ్య తేడా మాత్రం లేదు. ఇది 2011 నాటి మాట. నేనైతే సిటీ సెంటర్‌కు, అక్కడి గది అద్దెకు పెట్టే డబ్బుతో మీ ఫిజియోను వారానికి రెండు రోజుల బదులు ఐదు రోజులు రమ్మంటాను.

ఆరు నెలల భయం సంగతి. మొదటి మూడు నెలలే అసలు సీజన్ అన్నది నిజమే, అప్పుడు వచ్చినంత వేగంగా తర్వాత రాదు. కానీ ఆరో నెలలో తలుపులేమీ మూసుకోవు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకుని అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, 2006లో ప్రచురించారు. బాగున్న చేతికి మెత్తటి తొడుగు తొడిగి, రెండు వారాల పాటు మేలుకుని ఉన్న సమయమంతా దాదాపుగా పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ల కంటే వీళ్ల చెయ్యి స్పష్టంగా మెరుగైంది, ఆ లాభం రెండేళ్ల తర్వాత కూడా నిలిచింది. ఇందులో చేరాలంటే మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేవాలని షరతు. మీ నాన్నగారికి కొద్దిగా లేస్తున్నాయని మీరే రాశారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అది.

చచ్చిపోయిన మెదడు భాగం తిరిగి మొలవదు. దాని చుట్టుపక్కల కణాలు ఆ పనిని నేర్చుకోవాలి. మీ షాపులో కొత్తగా చేరిన కుర్రాడు కాజాలు కుట్టడం ఎలా నేర్చుకుంటాడో అంతే. వందసార్లు పాడుచేసి నేర్చుకుంటాడు. లెక్క అక్కడే తప్పుతోంది. చికిత్స గదుల్లో ఒక సెషన్‌లో రోగి చేతితో నిజంగా పనికొచ్చే కదలికలు ఎన్ని చేస్తున్నాడని 2009లో కొందరు లెక్కపెడితే, సగటున 32 వచ్చింది. జంతువుల మెదడులో మార్పు రావడానికి ప్రయోగశాలల్లో చేయించేది రోజుకు కొన్ని వందలు. గంటలో మూడొందలు చేయడం రోగులకు సాధ్యమేనని తర్వాత నిరూపించారు కూడా.

మీ నాన్నగారి విషయంలో మీ అదృష్టం, ఆయన టైలర్. ఇంట్లోనే ఫిజియో సామానంతా ఉంది. పాత షర్టుల గుండీలు పళ్లెంలో పోసి, ఒక్కొక్కటీ కుడి చేత్తో తీసి డబ్బాలో వేయమనండి. మొదట కోటు గుండీలు, వారం తర్వాత షర్టువి, చివరికి ప్రెస్ బటన్లు. వంద పొద్దున, వంద మధ్యాహ్నం, వంద సాయంత్రం. టేపు చుట్టడం, బట్ట మడత పెట్టడం, మందంగా చుట్టిన చాక్‌పీస్‌తో గీత గీయడం. చాక్‌పీస్‌కు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. కాలికి కుట్టు మిషన్‌ను మించినది లేదు. బెల్టు తీసేయండి, సూది కూడా తీసేయండి. వీపుకు ఆనుడున్న కుర్చీలో కూర్చోబెట్టి రెండు పాదాలూ పెడల్ మీద పెట్టి తొక్కించండి. నడిచేటప్పుడు ఆయన కుడి కాలి వేళ్లు నేలకు రాసుకుంటూ ఉంటాయి కదా, మడమ కిందికి, వేళ్లు పైకి అనే ఆ పెడల్ కదలికే అక్కడ కావాల్సింది. ముప్ఫై ఏళ్ల అలవాటున్న పని కాబట్టి విసుగు రాదు.

ఎడమ చేతికి తొడుగు వేసే సంగతి మీ ఫిజియోతో మాట్లాడాకే మొదలుపెట్టండి. కూర్చున్నప్పుడు, రెండు మూడు గంటలు చాలు. నడిచేటప్పుడు, బాత్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు వద్దు, పడిపోతే పట్టుకోవడానికి ఆ చెయ్యే దిక్కు.

ఆ తలుపు మీది కప్పీని మాత్రం ఈ రోజే విప్పేయండి. ఎడమ చెయ్యి తాడు లాగుతుంటే పట్టులేని కుడి చెయ్యి పైకి ఈడ్చుకుపోతుంది, వదులైన భుజం కీలు నలుగుతుంది. భుజం నొప్పి మొదలైతే నెలల తరబడి ఏ వ్యాయామమూ సాగదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని వద్దని చెప్పి ఏళ్లయినా మన దగ్గర ప్రతి పేషెంటు ఇంట్లో ఒక కప్పీ వేలాడుతూనే ఉంటుంది. బంతి కూడా ఆపండి. ఆయనకు పిడికిలి మూయడం కష్టం కాదు, తెరవడం కష్టం. మూసేదాన్నే ఇంకా బలపరిచి ఏం లాభం? లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని గుంజకండి, చంకలో చెయ్యి వేసి ఎత్తకండి. షర్టు వేసేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు చివర కుడి చెయ్యి.

ఇక ఆ "అదే, అదే". ఆయనకు మతి పోలేదు, చెవుడు రాలేదు. ఎడమ మెదడులో మాటను తయారుచేసే చోట దెబ్బ తగిలింది. మనం అనేది చాలావరకు అర్థమవుతూ ఉండవచ్చు, మాట మాత్రం నాలుక దాకా రాదు. అందుకే ఇంట్లోవాళ్లు చెవిటివాడితో అరిచినట్టు అరిస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఒక చిత్రం చూడండి. భార్య పేరు చెప్పలేని మనిషి ఒకటి, రెండు, మూడు అని గడగడా లెక్కపెడతాడు. చిన్నప్పటి భజన అందుకుంటే పల్లవి పాడేస్తాడు, కోపమొస్తే తిట్టు స్పష్టంగా వస్తుంది. అలవాటుగా వచ్చే మాటలకూ పాటకూ మెదడులో దారి వేరు. దాన్నే పట్టుకుని స్పీచ్ థెరపిస్టులు మొదలుపెడతారు. మీ ఉత్తరంలో స్పీచ్ థెరపీ మాటే లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. ఒకసారి తీసుకెళ్లి పరీక్ష చేయించి, ఇంట్లో ఏం చేయించాలో రాయించుకోండి. ఈలోగా "ఏం తాగుతావ్" అనకుండా టీ గ్లాసు, మజ్జిగ గ్లాసు రెండూ చూపించి అడగండి. అడిగాక పది సెకన్లు ఆగండి. ఆయన మాట మీరు పూర్తిచేయకండి. ఆ పది సెకన్లు మౌనంగా కూర్చోవడం మనవాళ్లకు ఫిజియో కంటే కష్టం.

ఏడుపు రెండు రకాలుగా ఉంటుంది. చిన్న మాటకే, టీవీలో ఏదో చూసి ఉన్నట్టుండి ఏడ్చి, మీరు మాట మార్చగానే ఆగిపోతే అది మెదడు దెబ్బ వల్ల ఏడుపు మీద అదుపు తప్పడం. లోపల అంత బాధ లేకపోవచ్చు. అలా కాకుండా తిండి, నిద్ర తగ్గి, ఎవరినీ చూడనంటూ, వ్యాయామం వద్దంటూ రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటే అది డిప్రెషన్. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. రెండింటికీ మందులున్నాయి. ఫ్లూఆక్సెటిన్ అనే మాత్రతో చెయ్యి కూడా తొందరగా వస్తుందని 2011లో ఒక చిన్న అధ్యయనం ఆశపెట్టింది. తర్వాత మూడు వేల మందికి పైగా ఇచ్చి చూస్తే అది నిలబడలేదు, ఎముకలు విరగడం మాత్రం కాస్త పెరిగింది. కాబట్టి దిగులుకు వాడాలి, చేతికోసం కాదు. చనిపోవాలన్నట్టు సైగలు చేస్తే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఆ నంబర్ మీ అమ్మగారికి కూడా. మీరు ఒకే ఒక్క వాక్యంలో తేల్చేశారు, "అమ్మ ఒక్కతే చూసుకుంటోంది" అని. నేను ఆ వాక్యం దగ్గరే ఎక్కువసేపు ఆగాను. ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పించి పంపితే సరిపోతుందా అని మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో పెద్ద అధ్యయనం చేశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, ఇంట్లోవాళ్లకు నేర్పించిన గుంపులోనూ నేర్పించని గుంపులోనూ 47 శాతమే. తెలుగింటి కోడళ్లకూ భార్యలకూ ఇంకో డ్యూటీ వేసి చేతులు దులుపుకుంటే కుదరదని నేను దాన్ని చదువుకుంటాను. ఆమె ఎత్తాలి, కడగాలి, వండాలి, పైగా ఫిజియో కూడా కావాలంటే ఆమె నడుమే ముందు పోతుంది. అప్పు తేవాల్సివస్తే దాంట్లో మొదటి వాటా పొద్దున నాలుగు గంటలు వచ్చే ఒక మనిషి జీతానికి పెట్టండి. ఆదివారం ఇంటికొస్తే స్నానం మీరు చేయించండి, ఆమెను అక్కచెల్లెళ్ల ఇంటికి పంపండి.

డబ్బు రావాల్సిన చోట్లు కూడా చూసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద పక్షవాతంతో మిగిలిపోయిన వైకల్యానికీ సర్టిఫికెట్ వస్తుంది. నరాల జబ్బుల్లో సాధారణంగా ఆరు నెలలు దాటాకే అంచనా వేస్తారు కాబట్టి మీకు ఇంకో రెండు నెలలుంది, ఇప్పుడే దరఖాస్తు, స్లాట్ సంగతి కనుక్కోండి. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు జాగ్రత్తగా ఉంచండి. 40 శాతం, ఆపైన వస్తే తెలంగాణలో అర్హులకు నెలకు 4,016 రూపాయల పింఛను ఉంది. మీరు పాత పన్ను విధానంలో ఉంటే వైకల్యం ఉన్న తండ్రి పోషణకు ఇచ్చే మినహాయింపు కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయం తగ్గించి చూపొచ్చు. చక్రాల కుర్చీ, ఊతకర్ర లాంటివి కేంద్రం ఆడిప్ పథకంలో ఇస్తుంది.

బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రలు "బాగానే ఉంది కదా" అని ఆపేయకండి. రెండోసారి వస్తే ఈ గుండీల లెక్కంతా మళ్లీ మొదటికి.

షాపు తాళం తీయించండి. రోజూ సాయంత్రం ఒక గంట ఆయనను అక్కడ కూర్చోబెడితే చాలు, కుట్టనక్కర్లేదు. కొలతలు ఎవరైనా తీస్తారు, బట్ట చూసి సరిపోతుందో లేదో ఆయన తలూపి చెబుతారు. ఒక పాత కొలతల పుస్తకంలో ఖాళీ పేజీ తీసి, రోజూ ఎన్ని గుండీలు, ఎన్ని నిమిషాల పెడల్, గోడ పట్టుకోకుండా ఎన్ని అడుగులు అని రాయించండి. తేదీ ఆయనే ఎడమ చేత్తో వేస్తారు. ఆరో నెల రివ్యూకు వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టుతో పాటు ఆ పుస్తకం కూడా మీ డాక్టర్ ముందు పెట్టండి.