పాఠకుల ప్రశ్న: వసంతంలో పూసి మాయమయ్యే అడవిపూలు

ప్రశ్న: ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలోని ఒక నగరంలో ఉంటున్నాము. ఇక్కడి పార్కులో పెద్ద చెట్ల కింద వసంతం రాగానే అడవిపూలు విరివిగా పూస్తాయి, వేసవి వచ్చేసరికి మొక్కలు కూడా కనిపించవు. అవి చనిపోతున్నాయా? పిల్లలను తీసుకుని ఎప్పుడు వెళ్ళడం మంచిది? ఒక మొక్కను తవ్వి తెచ్చి ఇంటి పెరట్లో నాటుకోవచ్చా?

జవాబు: అవి చనిపోవడం లేదు, నేలలో నిద్రాణంగా ఉంటున్నాయి. ఆకురాల్చే చెట్ల కింద పెరిగే ఈ చిన్న మొక్కలకు పుష్కలంగా ఎండ దొరికేది, నేల వెచ్చబడడం మొదలైనప్పటి నుంచి పై కొమ్మలు చిగిర్చి నీడ కమ్మేవరకు ఉండే కొద్ది వారాలే. స్ప్రింగ్ బ్యూటీ, వర్జీనియా బ్లూబెల్స్, డచ్‌మన్స్ బ్రీచెస్ వంటివి ఆ కాస్త వ్యవధిలోనే ఆకు వేసి, పూసి, విత్తనం కట్టి, మిగిలిన ఏడాదికి కావలసిన ఆహారాన్ని దుంపలలోనూ వేళ్ళలోనూ దాచుకుంటాయి.

అందువల్ల క్యాలెండరును కాక చెట్లను చూసి బయలుదేరండి. కొమ్మలపై చిగుళ్ళు ఇంకా చిన్నవిగా ఉన్నప్పుడు, ఎండ బాగా కాసిన పూట వెళ్ళడం మంచిది, ఎందుకంటే స్ప్రింగ్ బ్యూటీ, బ్లడ్‌రూట్ పూలు రాత్రివేళ, మబ్బు పట్టినప్పుడు ముడుచుకుంటాయి. స్ప్రింగ్ బ్యూటీ దగ్గర కాసేపు ఓపికగా నిలబడితే, దాని గులాబిరంగు పుప్పొడిని కాళ్ళకు నింపుకున్న చిన్న తేనెటీగలను పిల్లలకు చూపించవచ్చు. వాటిలో ఒక జాతి తన పిల్లలను ప్రధానంగా ఈ పుప్పొడితోనే పెంచుతుంది.

తవ్వి తెచ్చుకునే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. పెద్ద తెల్లపూల ట్రిలియం విత్తనం నుంచి మొదటి పువ్వు దాకా రావడానికి ఏడేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. దాని మూడు ఆకులూ పువ్వుకు కాస్త కింద, అదే కాడపై ఉంటాయి కనుక, కాడతో సహా తెంపితే ఆ ఏడాది ఆహారం తయారు చేసుకునే దారే మూసుకుపోతుంది. వీటిలో చాలా మొక్కల విత్తనాలను మోసేది చీమలు. విత్తనానికి అంటి ఉండే కొవ్వు ముక్క కోసం వాటిని పుట్టకు తీసుకుపోయి, ఆ ముక్క తిన్నాక విత్తనాన్ని వదిలేస్తాయి. ఆ ప్రయాణం సాధారణంగా కొద్ది మీటర్లకు మించదు. చుట్టూ రోడ్లు, భవనాలు ఉన్న నగర పార్కులో ఒక జాతి ఒకసారి పోతే, బయటి నుంచి దానంతటది తిరిగి రావడం దాదాపు అసాధ్యం. అందుకే పార్కులో బాట దిగి నడవవద్దని కూడా గట్టిగా కోరుతున్నాను: తొక్కిడికి నేల గట్టిపడితే లేత మొలకలు, దుంపలు రెండూ దెబ్బతింటాయి.

మరొక మాట. నేలంతా తివాచీలా పరుచుకున్న మెరిసే పసుపు పూలన్నీ స్థానికమైనవి కావు. ఐరోపా నుంచి వచ్చిన లెసర్ సెలండైన్ అనేకచోట్ల స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది. చూడడానికి అందంగా ఉన్నా, దానిని ఇంటికి తేకండి.

పెరట్లో పెంచాలనుకుంటే, అడవి నుంచి తవ్వి తెచ్చినవి కాక తామే విత్తనం నుంచో పిలకల నుంచో పెంచిన స్థానిక మొక్కలను అమ్మే నర్సరీని వెతకండి; ఆ సంగతి కొనేముందే అడగండి.