బెంగళూరులోని వృషభావతి నది నీటిలో అద్దకం రంగులు కలిశాయని ఎలా తెలుస్తుంది?

కెంగేరి వంతెన మీద నిలబడి చూస్తే ముందు కనిపించేది నురగ. దాన్ని పక్కన పెట్టండి. అది ఎక్కువగా ఇళ్ల మురుగులోని సబ్బు పొడుల వల్ల వచ్చేది, అద్దకానికి సాక్ష్యం కాదు.

గాజు సీసాలో నీళ్లు పట్టి వడపోత కాగితం గుండా పోయండి. బురద కాగితం మీద ఆగుతుంది, కరిగిన రంగు కిందికి దిగుతుంది. దిగిన నీటిని తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కొన్ని రంగులు లీటరుకు ఒక మిల్లీగ్రాము లేకపోయినా కంటికి తెలుస్తాయి. అనుమానం తీరకపోతే, ఏ రంగు కాంతిని నీరు ఎంత పీల్చుకుంటుందో గీత గీసి చూపే స్పెక్ట్రోఫొటోమీటర్ ఉంది: మామూలు మురుగు గోధుమరంగుకు గీత నున్నగా కిందికి జారుతుంది, అద్దకపు రంగుకు కంటికి కనిపించే కాంతి పరిధిలో, అంటే 400-700 నానోమీటర్ల మధ్య ఎక్కడో మూపురంలా లేస్తుంది.

నన్నడిగితే రంగుకన్నా ఉప్పే మంచి సాక్షి. నూలు బట్టకు రంగు పట్టించడానికి ఉప్పు, సోడా బాగా వాడతారు. రంగును బొగ్గుతో తీసేయవచ్చు, ఉప్పు అలా పోదు. ఉప్పు కలిస్తే నీటి విద్యుద్వాహకత (కరెంటును పోనిచ్చే గుణం), సోడా కలిస్తే పీహెచ్ (క్షారగుణం కొలత) పెరుగుతాయి. అందుకే ఈ రెండూ కలిసి హఠాత్తుగా పెరిగితే ఎగువన ఏ కాలువ కలుస్తోందో వెతకాలి. ఆ కాలువకు పైన ఒకసారి, కింద ఒకసారి కొలిస్తే తేడా తెలిసిపోతుంది.

క్రోమియం వంటి లోహాలకు మాత్రం ప్రయోగశాల తప్పదు. పగటి నమూనా ఒక్కటే సరిపోదు, రాత్రి వదిలే నీళ్లు అందులో దొరకవు.