చీరల మీద కత్తెర పెట్టే ముందు

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు కుట్టుమిషన్ కొన్నావని, మీ అమ్మ చీరలతో బొంత కుడతానంటున్నావని చెప్పారు. అదీ నిలువు గీతల కుట్టు కాదు, ఫ్రీ మోషన్ అట. సంవత్సరీకానికి వచ్చేటప్పుడు తెస్తానన్నావట. విన్నప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. సూదిలో దారం ఎక్కించమని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చే పిల్లవి, ఇంత పని తలకెత్తుకున్నావని పొంగిపోయాను. ఆ చీరలు ఏమైపోతాయోనని రాత్రి నిద్ర పట్టలేదు.

కత్తెర ఇంకా పట్టలేదు కదా? పట్టకు. చీరలు మడతపెట్టి లోపల పెట్టెయ్. తర్వాత ఇది చదువు.

మీరు ఫ్రీ మోషన్ అంటున్నది నాకు కొత్త కాదు. 1983లో తెనాలిలో నేను నేర్చుకున్న మిషన్ ఎంబ్రాయిడరీ కూడా అదే పద్ధతి. సూది కింద గుడ్డని జరిపే మిషన్ పళ్ళు దించేస్తాం. పళ్ళు లేకపోతే గుడ్డని లాగే దిక్కు ఉండదు, నీ చేతులే జరపాలి. కుట్టు ఎంత పొడుగు పడాలో మిషన్ చూసుకోదు, కాలూ చెయ్యీ కలిసి చూసుకోవాలి. కాలు తొందరపడి చెయ్యి నిదానిస్తే కుట్లు ఆవగింజల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి. చెయ్యి పరిగెత్తితే కుట్లు సాగుతాయి, మలుపు దగ్గర అడుగు దారం సూటిగా లాక్కుపోయి పై దారం వెనకవైపు చిన్న చిన్న ఉచ్చుల్లా తేలుతుంది. అంగుళానికి పది కుట్లు పడుతున్నాయంటే చెయ్యి కుదిరినట్టే.

మేం గుడ్డని రింగులో బిగించి కుట్టేవాళ్ళం. నీకు రింగు ఉండదు. పైగా మూడు పొరలు: పైన చీర ముక్కలు, మధ్యలో దూది పొర, కింద అడుగు గుడ్డ. భయం అక్కడే.

మామూలు సంగతులు నీకు వీడియోల్లో చెప్పే ఉంటారు. కొత్త సూది, 14 నంబరు. మొదట బాబిన్ దారం, అదే అడుగు దారం, పైకి లాగి పట్టుకుని, ఉన్నచోటే మూడు నాలుగు సన్న కుట్లు వెయ్యి. మధ్య నుంచి అంచులకి రా. బొంత బరువు బల్ల మీద ఉండాలి, కిందికి వేలాడితే కుట్టు వంకర పోతుంది. ఇంకొకటి, ఈ పనికి వాడే ఫుట్, అదే సూది పక్కన గుడ్డ మీదికి దించే పాదం, గుడ్డని గట్టిగా నొక్కదు, కొంచెం పైనే ఆడుతుంది. దించిందీ లేనిదీ కంటికి తెలియదు. ఆ పాదాన్ని దించే లివర్ దించకుండా కుట్టావంటే పై దారానికి టెన్షన్, అంటే బిగువు, ఉండదు, కింద పిచ్చుక గూడు తయారవుతుంది. నాకు నేర్పినావిడ రోజూ అడిగేది, "లివర్ దించావా?" అని. నువ్వూ ఆ మాట పైకే అనుకుని మొదలుపెట్టు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇది నీకు మీ అమ్మ కూడా చెప్పి ఉండదు.

1987లో నువ్వు కడుపులో ఉన్నావు. మా అమ్మ పోయి ఎనిమిది నెలలు. అమ్మ చీరలు ఐదు నా దగ్గర ఉన్నాయి. వాటితో నీకు బొంత కుట్టాలనుకున్నాను. మా అమ్మమ్మ అయితే నేల మీద పొరలు పరిచి, మూలలకి బరువులు పెట్టి, ముందు పొరలు కదలకుండా బొంతంతా టాకాలు, అంటే తర్వాత తీసేసే పొడుగు కుట్లు, వేసుకునేది. ఆ తర్వాతే చేతికుట్టు. నెల పట్టేది. నాకేమో మిషన్ వచ్చన్న ధీమా. పురుడుకి ఇరవై రోజులే ఉందని తొందర. టాకాలు ఎవరు వేస్తారులే అని నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు, మధ్యలో ఒకటి గుచ్చి కూర్చున్నాను. తెల్లవార్లూ కుట్టాను. పైన తీగలు ఎంత ముచ్చటగా వచ్చాయో.

పొద్దున తిరగేశాను. అడుగున వేసింది అమ్మ శ్రీరామనవమికి కట్టుకునే తెల్ల వెంకటగిరి చీర. వేలెడేసి మడతలు పడి, ఆ మడతల మీదే కుట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక చోట కాదు, బొంతంతా. బ్లేడు తీసుకుని విప్పబోయాను. ఎన్నేళ్ళు ఉతికిన సన్ననేతో. కుట్టు లాగితే దారం తెగలేదు, చీర చిరిగింది. జానెడు చిరుగు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మీ అమ్మ నిండు పొట్టతో వచ్చి పక్కన చతికిలబడింది. తిడుతుందనుకున్నాను. సూది ఇమ్మంది. పోగూ పోగూ కలిపి చేత్తో రఫ్ఫు చేసింది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒక్క మాట అనలేదే. నిన్ను ఆ బొంత మీదే పడుకోబెట్టాం.

అందుకే, నీ మీద కోపం కాదు, తొందర మీద కోపం. అడుగు గుడ్డని నేల మీద ముడత లేకుండా పరిచి అంచులకి టేపు వెయ్యి, సాగదీయకు. పైన దూది పొర, చీర ముక్కలు పరిచాక, బెత్తెడుకొక పిన్నీసు పెట్టు. వంద పట్టినా పెట్టు. తిరగేసి అరచేత్తో నిమిరి చూడు. ఒక్క ముడత తగిలినా పిన్నీసులు తీసి మళ్ళీ పెట్టు. కుట్టేటప్పుడు సూది అటు వెళ్ళకముందే పిన్నీసు తీసెయ్. జరీ అంచులు బొంతలో కలపకు, విడిగా దాచు. సూది విరిగిందంటే ముక్క కంట్లోకి లేస్తుంది. కళ్ళజోడు లేకుండా కూర్చోకు తల్లీ. లేచి వెళ్ళేటప్పుడు స్విచ్ ఆపు, పిల్లాడు ఆ పెడల్ తొక్కుతాడు.

చీరలు ముందు ఉతుకు. రంగు దిగేవి దిగుతాయి, కుంచించేవి కుంచించుకుంటాయి. మరీ పల్చటివాటికి వెనక సన్న ఫ్యూజింగ్, అదే ఇస్త్రీ పెడితే అంటుకునే గుడ్డ, అతికించు.

అవన్నీ తర్వాత. ఇప్పుడు పాత దుప్పట్లు చించి, రెండడుగుల ముక్కలు ఓ డజను తయారు చేసుకో. వాటి మీద రోజూ అరగంట. ముందు కాగితం మీద పెన్ను ఎత్తకుండా మెలికలు గియ్యి. నీకు ముగ్గు వచ్చు కదా, ముగ్గు వేసేటప్పుడు వేళ్ళ వైపు చూడవు, గీత ఎటు వెళ్ళాలో అటు చూస్తావు. మిషన్ దగ్గరా అంతే, సూదిని చూడకు.

సంవత్సరీకానికి అవకపోతే కొంపలు మునగవు. ఉత్త చేతులతో రా. నీ బొంతకి ఇక్కడ గడువు పెట్టినవాళ్ళెవరూ లేరు. మీ అమ్మ అయితే అసలే పెట్టదు.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. మొదటి దుప్పటి ముక్క ఎలా వచ్చినా చూపించు. ముందు వెనకవైపు చూపించు.

మీ పెద్దమ్మ