పాఠకుల ప్రశ్నలు: కరోనా కాలంలో పశువైద్య కళాశాలల పరిశోధన

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో పశువైద్యశాలలకు మినహాయింపు ఉంది, పాల సేకరణా ఆగలేదు. మరి పశువైద్య కళాశాలల్లో పరిశోధనే ఎందుకు ఆగిపోయింది? – ఒక పాడి రైతు, వరంగల్ జిల్లా

పశువు బతకడానికి కావలసిన పనులన్నీ నడిచాయి. పశువు నుంచి లెక్కలు తీసే పని ఆగింది. కొట్టంలో మేత వేసి, పాలు పితకడానికి ఇద్దరు ముగ్గురు చాలు. 90 రోజుల మేత ప్రయోగానికి చాలరు. ప్రతి పశువుకూ దాణా విడిగా తూచి వేయాలి. మర్నాడు పొద్దున మిగిలింది తూచాలి, పక్షానికోసారి బరువు చూడాలి. చివర్లో వారం రోజులు పేడ మొత్తం సేకరించి, తూచి, నమూనా తీసి ఆరబెట్టాలి. మనుషులు తగ్గగానే అన్ని పశువులకూ ఒకే దాణా కలిపి వేయడం మొదలవుతుంది. ఆ పూటే ప్రయోగం ముగిసినట్టు.

ఎద సమకాలీకరణ (సూదులతో పశువులన్నిటినీ ఒకేసారి ఎదకు తేవడం) పరిశోధనలైతే గంటల మీద నడుస్తాయి. మొదట జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ సూది, 7వ రోజున ప్రోస్టాగ్లాండిన్ అనే మరో హార్మోన్, 9వ రోజున మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, ఆ తర్వాత 16–20 గంటల్లో వీర్యం వేయాలి. మధ్యలో ప్రోస్టాగ్లాండిన్ తప్పితే అండాశయం మీది పసుపు గుళిక కరగదు, పశువు ఎదకు రాదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం గేదెల వేసవి మూగ ఎద (లక్షణాలు పైకి కనిపించని ఎద) మీద పనిచేసే వారికి జరిగింది. ఆ పరిశోధన ఏప్రిల్–జూన్ నెలల్లోనే సాధ్యం. ఎం.వి.ఎస్‌సి. (పశువైద్యంలో పీజీ) రెండేళ్ల చదువు. మొదటి ఏడాది తరగతులకే పోతుంది కాబట్టి విద్యార్థికి దక్కేది ఒక్క వేసవి. అది పోతే అంశమే మార్చుకోవాలి. ఊళ్లలో నమూనాలు సేకరించే పనీ అలాగే పడిపోయింది. 2019లో ఒడిశాలో దేశంలో తొలిసారి కనిపించిన లంపీ స్కిన్ వ్యాధి (పశువుల చర్మం మీద గడ్డలు లేచే వైరస్ జబ్బు) 2020లో పలు రాష్ట్రాలకు పాకింది. సరిగ్గా ఊళ్లు తిరగాల్సిన ఆ సమయంలోనే తిరగడం కుదరలేదు.

ప్రశ్న: లాక్‌డౌన్ వల్ల 52వ రోజున తెగిపోయిన మేత ప్రయోగం లెక్కలు నా దగ్గర ఉన్నాయి. వాటిని వాడుకోవచ్చా? తర్వాత అవే పశువులతో కొనసాగించిన లెక్కలూ ఉన్నాయి. – పరిశోధక విద్యార్థిని, తిరుపతి

52 రోజుల లెక్కలు వాడుకోవచ్చు. అయితే అన్ని గుంపులూ ఒకే రోజున ఆగి ఉండాలి. ఒక గుంపు 45వ రోజున, ఇంకొకటి 52వ రోజున ఆగి ఉంటే అందరికీ 45 వరకే తీసుకోండి.

తర్వాతి లెక్కలను మాత్రం వీటికి అతికించవద్దు. మేత మారితే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దానికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యలో ఉమ్మడి దాణా తిన్న పశువు పాత పశువు కాదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కనీసం 15–21 రోజులు అలవాటు కాలం ఇచ్చి, రెండు రోజులు వరసగా మేతకూ నీళ్లకూ ముందు తొలి బరువు తీసి ఉంటే, దాన్ని రెండో ప్రయోగంగా విడిగా రాయండి. ఇవ్వకపోతే పక్కన పెట్టేయడమే మేలు.

తప్పిన బరువుల స్థానంలో వెనకటి బరువునో, సగటునో నింపడం చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది. అలా చేస్తే తేడాలు నిజంగా ఉన్నదానికన్నా నికరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఖాళీని ఖాళీగా వదిలి, పశువును యాదృచ్ఛిక అంశంగా తీసుకునే గణాంక పద్ధతి (మిక్స్‌డ్ మోడల్)తో విశ్లేషించండి. గుంపుల సగటులను పోల్చే మామూలు అనోవా పద్ధతికి అన్ని గళ్లూ నిండాలి, దీనికి అక్కర్లేదు. ఏ రోజున ఏది ఎందుకు ఆగిందో పద్ధతుల అధ్యాయంలోనే రాయండి. పరీక్షకులు అడిగేది అదే.

ప్రశ్న: 2021 ఏప్రిల్–మే నెలల్లో మా గోపాలమిత్ర (ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త) ‘నైట్రోజన్ రావట్లేదు’ అని చెప్పేవాడు. ఆక్సిజన్ కొరతకూ పశువుల వీర్యానికీ సంబంధమేమిటి? అలాంటప్పుడు ఏం చేయాలి? – నల్లగొండ

రెండూ ఒకే యంత్రాగారం నుంచి వస్తాయి. గాలిని అతిగా చల్లబరిచి ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాతో విడగొడతారు. నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. రెండో అలలో ప్లాంట్లు వైద్య ఆక్సిజన్ వైపు మళ్లాయి. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను కూడా శుభ్రం చేసి ఆక్సిజన్‌కు వాడారు. తప్పుపట్టేదేమీ లేదు, మనుషుల ప్రాణాలు అవి. కానీ కళాశాలల వీర్య నిల్వలు, కణ సంవర్ధనాలు, ఎన్నో ఏళ్లుగా దాచిన నమూనాలు ద్రవ నత్రజనిలోనే ఉంటాయి.

కొరత రాబోతోందని తెలియగానే చేయాల్సిన మొదటి పని, సగం సగం నిండిన క్యాన్లను ఖాళీ చేసి సరకంతా ఒక మంచి క్యాన్‌లోకి చేర్చడం. ఇరుకు మెడ ఉన్న 35 లీటర్ల నిల్వ క్యాన్ మూత తీయకుండా ఉంచితే రోజుకు పావు లీటరులోపే ఆవిరవుతుంది. మూడు క్యాన్లుంటే నష్టం మూడింతలు, తరచూ తెరిస్తే ఇంకా ఎక్కువ. మట్టం కొలవడానికి చెక్క కర్రను అడుగు తగిలేలా పది సెకన్లు ముంచి తీసి గాలిలో ఆడిస్తే మంచు గీత పడుతుంది. బోలు గొట్టం వాడకండి, లోపలి నుంచి ద్రవం పైకి చిమ్ముతుంది. మట్టం 10 సెంటీమీటర్లకు దిగకముందే నింపాలి. క్యాన్ బయట మెడ దగ్గర మంచు గానీ చెమ్మ గానీ కనిపిస్తే వాక్యూమ్ పోయినట్టే. రేపటిదాకా ఆగకుండా సరకును వేరే క్యాన్‌కు మార్చండి. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. కిటికీలు మూసిన చిన్న గదిలో ఈ పని చేస్తే ఊపిరాడక మనిషే పడిపోతాడు.

నిల్వ ఒకసారి వేడెక్కి, తర్వాత మళ్లీ నింపి ఉంటే పైకి ఏమీ తెలియదు. స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) అలాగే ఉంటాయి, లోపల మంచు పలుకులు పెరిగి శుక్రకణాలు చనిపోయి ఉంటాయి. అందుకే ప్రతి బ్యాచ్ నుంచీ ఒక స్ట్రా తీసి 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించి సూక్ష్మదర్శిని కింద చూడాలి. కదిలేవి 50 శాతం కన్నా తక్కువుంటే ఆ బ్యాచ్‌ను పరిశోధనకూ వాడొద్దు, రైతుకూ ఇవ్వొద్దు. చూడి కట్టని ఆవులను తప్పుపట్టే ముందు ఈ పరీక్ష చేయాలి.

ప్రశ్న: పశువుల ల్యాబ్‌లలో మనుషుల కరోనా పరీక్షలు ఎలా చేశారు? – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

ఆర్‌టీపీసీఆర్ యంత్రానికి నమూనా ఎవరిదన్నది పట్టదు. భోపాల్‌లోని నిషాద్ (పశువుల తీవ్ర వ్యాధుల పరిశోధనశాల), బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) వంటి సంస్థలకు బర్డ్ ఫ్లూ, గాలికుంటు వంటి వైరస్‌ల మీద పనిచేసిన సిబ్బంది, భద్రత గల గదులు ముందే ఉన్నాయి. 2020లో వాటికి అనుమతి వచ్చింది. లూధియానా పశువైద్య విశ్వవిద్యాలయమూ ఈ పని చేసింది.

మంద నమూనాలను కలిపి పరీక్షించడం పశువైద్యులకు పాత అలవాటు. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఐదుగురి నమూనాలు కలపడానికి అనుమతించింది. ఐదింటిని కలిపితే వైరస్ ఐదో వంతుకు పలచనవుతుంది, అంటే ఫలితం రెండు సైకిళ్ల (యంత్రం జన్యుపదార్థాన్ని రెట్టింపు చేసే విడతల) పైచిలుకు ఆలస్యంగా వస్తుంది. వైరస్ బాగా తక్కువున్న నమూనాలు అలా చేజారతాయి. కలిపిన నమూనాలో వైరస్ కనిపిస్తేనే ఆ ఐదుగురినీ విడిగా పరీక్షిస్తారు కాబట్టి, నూటికి ఇద్దరికే జబ్బున్న చోట 100 మందికి దాదాపు 30 పరీక్షలతో సరిపోతుంది. నూటికి 10 మందికి ఉంటే 61, 20 మందికి ఉంటే 87. అందుకే కేసులు పెరిగిన చోట ఈ కిటుకు పనిచేయదు. పైగా పైపెట్ టిప్పులు, వైరస్ ఆర్‌ఎన్‌ఏ (జన్యుపదార్థం) తీసే కిట్లు అన్నీ కరోనాకే పోవడంతో పశువుల నమూనాలు ఫ్రిజ్‌లలో నెలలు ఆగాయి. యాంటీబాడీల కోసం తీసిన సీరం మైనస్ 20లో తట్టుకుంది. ఆర్‌ఎన్‌ఏ కోసం తీసిన స్వాబ్‌లను కూడా అక్కడే ఉంచితే పాడవుతాయి, మైనస్ 80 కావాలి. మంచు పట్టని ఇంటి ఫ్రీజర్ మరీ హానికరం. మంచు కరిగించడానికి అది పదే పదే వేడెక్కుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. గేదెలకు అంటుకుని ఉంటుందా? – జగిత్యాల

భయం అక్కర్లేదు. జర్మనీలో 2020లో ఆరు దూడల ముక్కుల్లో వైరస్ వేసి చూస్తే రెండింటికే కొద్దిగా సోకింది. పక్కనే ఉంచిన మూడు దూడలకు అంటుకోలేదు. పిల్లి జాతికి మాత్రం తేలిగ్గా సోకుతుంది. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఎనిమిది సింహాలకు సోకినట్టు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తేల్చింది, అవి కోలుకున్నాయి. దూడలకు పారుడు తెచ్చే బొవైన్ కరోనా వైరస్ వేరు, మనిషి జబ్బుతో దానికి సంబంధం లేదు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం జ్వరం ఉన్నవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకోకండి.