ఏ పాట తప్పో చెప్పకుండా యాప్‌ను తీసేస్తే

మీరు రెండు సంగతులు అడిగారు. యాప్ స్టోర్‌లో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో ఆ కంపెనీలే నిర్ణయించడం న్యాయమేనా అన్నది మొదటిది. తెలుగు జానపద కథలతో యాప్ పెట్టబోతున్న మీకు ఇబ్బందులు వస్తాయా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: నిర్ణయించవచ్చు, నిర్ణయించాలి కూడా. కానీ ఏ వాక్యం తప్పో వేలు పెట్టి చూపించాలి. రెండోదానికి జవాబు: వస్తాయి, ముఖ్యంగా మీ కథల్లో పల్లె మాట ఉన్నది ఉన్నట్టుగా ఉంటే. నాకు వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో, రుషికొండ దగ్గరి ఒక సంస్థలో పన్నెండేళ్లుగా యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. ఉద్యోగంతో సంబంధం లేకుండా సొంతంగా చేసిన యాప్ ఒక్కటే. భీమిలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లు పాడే పాటలను ఫోనులో రికార్డు చేశాను. నాట్ల పాటలు, దంపుడు పాటలు, నలుగు పాటలు, పెళ్లి బంతిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, అన్నీ కలిపి 64. పాటతోపాటు సాహిత్యం కూడా కనిపించేలా, పెద్ద అక్షరాలతో యాప్ చేశాను. ప్రకటనలు లేవు, డబ్బు ప్రసక్తి లేదు. మొదటి ఆరు నెలలు ఏ సమస్యా రాలేదు. ఆ ఊరివాళ్లు, దుబాయిలోనూ హైదరాబాదులోనూ ఉన్న వాళ్ల పిల్లలు వింటూ ఉండేవారు.

ఒక చిన్న అప్‌డేట్ పంపిన మర్నాడు స్టోర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. యాప్‌లో అసభ్య పదజాలం ఉందనీ, నిబంధనలకు విరుద్ధమనీ, తొలగించామనీ దాని సారాంశం. నిబంధనల పేజీకి ఒక లింకు ఉంది. 64 పాటల్లో ఏ పాట, ఏ చరణం, ఏ పదం అన్నది లేదు. ఇలాగే మళ్లీ జరిగితే ఖాతానే మూసివేయవచ్చన్న హెచ్చరిక మాత్రం ఉంది. స్టోర్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక్క కంపెనీ మీద కాదు.

అప్పుడు నేను చేసిన పని గురించి ఇప్పటికీ బాధపడుతున్నాను. రాత్రి కూర్చుని, ఎవరో పరాయి మనిషి కళ్లతో ఆ పాటలన్నీ చదవడం మొదలుపెట్టాను. వియ్యపురాలి నడకను వెక్కిరించిన పాట తీసేశాను. బావామరదళ్ల సరసం ఉన్నవి రెండు తీసేశాను. కల్లు ప్రస్తావన ఉన్నది ఒకటి, మొగుడు కొట్టాడని చెప్పుకుని ఏడ్చే దంపుడు పాట ఒకటి. అలా అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ తీసుకుంటూ పోతే 11 పాటలు పోయాయి. మిగిలిన 53తో మళ్లీ పంపాను. మరో తిరస్కరణ, రెండు సందేశాలు, వాటికి వచ్చిన ఒకే మూస జవాబు, ఇవన్నీ గడిచి, మొదటి ఈమెయిల్ వచ్చిన ఐదు వారాలకు ఆమోదించారు.

తీసేసిన ఆ దంపుడు పాట పాడినావిడను నేను చిన్నమ్మమ్మ అంటాను. మనవరాలి ఫోనులో యాప్ తెరిపించి తన పాట కోసం వెతికించుకుందట. నేను ఊరికి వెళ్లినప్పుడు అడిగింది: ‘అందరి పాటలూ ఉన్నాయి, నాది ఎందుకు తీసేశావు నాయనా? అందులో తప్పేముంది?’ నా దగ్గర జవాబు లేదు. నాకూ ఎవరూ చెప్పలేదు కదా.

ఆ తర్వాత, చెడిపోయిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికినట్టే, తీసేసిన పాటలను రెండేసి చొప్పున తిరిగి చేర్చి అప్‌డేట్లు పంపడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు పట్టింది. తేలింది ఏమిటంటే 11 పాటల్లో ఎనిమిదింటికి ఏ అభ్యంతరమూ లేదు. చిన్నమ్మమ్మ పాట ఆ ఎనిమిదింటిలో ఉంది. అభ్యంతరం మూడింటికే. అంటే స్టోర్ ఆపినవి మూడు, నా భయం ఆపినవి ఎనిమిది. ఈ చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం ఇదే అనుకుంటాను. గీత ఎక్కడుందో కనిపించకపోతే మనిషి గీత దాకా వెళ్లడు, దానికి పది అడుగుల ముందే ఆగిపోతాడు. అతను ఆపుకున్నవి ఏ లెక్కలోకీ రావు.

ఆ మూడింటిలో ఒకదాన్ని గురించి చెప్పాలి. అందులో తల్లి కూతుర్ని అత్తవారింటికి పంపుతూ ‘పిచ్చిముండ’ అంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆ మాటను ఎంత ప్రేమగా అంటారో తెలుగు చదివే మీకు చెప్పనక్కర్లేదు. కానీ ‘ముండ’ అన్న పదాన్ని విడిగా తీసి ఏ జాబితాలో చూసినా అది తిట్టే. నిజానికి తిట్టే కూడా, వీధిలో ఎవరైనా ఒక స్త్రీని అలా అంటే నేనూ ఊరుకోను. తల్లి నోట అప్పగింతల వేళ వచ్చిన మాటకూ, వీధిలో విసిరిన మాటకూ తేడా గుర్తించాలంటే చదివేది తెలుగు తెలిసిన మనిషి కావాలి. లక్షల యాప్‌లను మొదట జల్లెడ పట్టేది యంత్రమే. అందులో తప్పు లేదు, అంత పని మనుషులతో కాదు. యంత్రం ఆపినదాన్ని తిరిగి చూసే చోటనైనా ఆ భాష వచ్చిన మనిషి ఉండాలి కదా.

ఇంత చెప్పినా నిబంధనలు ఎత్తేయాలని మాత్రం అనను. దానికి కారణం మా వీధిలోనే ఉంది. అక్కయ్యపాలెంలో మా పక్కింటి ఆటో డ్రైవరు పిల్లల ఫీజు కోసం ఒక రుణ యాప్‌లో 5,000 రూపాయలు తీసుకున్నాడు. చేతికి వచ్చింది అంతకన్నా తక్కువ, గడువు ఏడు రోజులు. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులు, ఫోటోలు చూసేందుకు అనుమతి అడిగితే ఇచ్చాడు. ఎనిమిదో రోజు నుంచి అతని బావమరిదికి, భార్య అక్కకు, పిల్లల స్కూలు టీచరుకు మార్ఫింగ్ చేసిన ఫోటోలు వెళ్లాయి. ఆ మనిషి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేనే దగ్గరుండి సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయించి, సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాను. ఆ యాప్ ఎక్కడో దొంగ లింకులో దొరికినది కాదు, అందరూ నమ్మే స్టోర్‌లో నుంచి వేసుకున్నదే.

ఇలాంటి వాటిని ఆపడానికి వచ్చిన నిబంధనలను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టు జాబితా, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాల్లో చెప్పింది. 60 రోజుల్లోపే మొత్తం తీర్చమనే వ్యక్తిగత రుణ యాప్‌లను గూగుల్ ప్లే అనుమతించదు. 2023 మే 31 నుంచి అలాంటి యాప్‌లు ఫోటోలు, కాంటాక్టులు చూడకుండా కూడా నిబంధన పెట్టింది. ఈ నిబంధనల్లో ఏది చేయకూడదో స్పష్టంగా ఉంది. అరవై రోజులంటే అరవై రోజులే. ‘అసభ్యం’, ‘అభ్యంతరకరం’ అన్న మాటలకు అలాంటి కొలత లేదు, కాబట్టి అక్కడ కారణం చెప్పడం ఇంకా ఎక్కువ అవసరం.

ఈ గొడవ కొత్తది కాదు. 2008 జులైలో దాదాపు 500 యాప్‌లతో ఆపిల్ యాప్ స్టోర్ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరులోనే అమెరికన్ కార్టూనిస్టు మార్క్ ఫియోరె యాప్‌ను, ప్రముఖులను ఎగతాళి చేస్తోందన్న కారణంతో తిరస్కరించారు. 2010 ఏప్రిల్‌లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. విషయం పత్రికలకెక్కగానే మళ్లీ పంపమని ఆపిల్ అడిగింది, ఆమోదించింది. కార్టూన్లు మారలేదు, కార్టూనిస్టు పేరు మారుమోగింది, అంతే. మన దేశంలో 2020 సెప్టెంబరు 18న జూదానికి సంబంధించిన నిబంధనల పేరిట పేటీఎంను గూగుల్ తన స్టోర్ నుంచి తొలగించింది. కొన్ని గంటల్లోనే తిరిగి పెట్టింది. పేటీఎంకు గంటలు పట్టిన పని మా యాప్‌కు వారాలు పట్టింది. భీమిలి దగ్గర నాట్లు వేసే ఆడవాళ్ల తరఫున పత్రికల్లో రాసేవాళ్లు ఎవరున్నారు?

తెలుగువాళ్లకు ఈ అనుభవం యాప్‌ల కన్నా చాలా పాతది. 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రచురణకర్తలైన వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నేతృత్వం వహించిన కాలంలో ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. ఆ నిషేధం అన్యాయమే. అయినా అప్పుడు ఫలానా పుస్తకంపై ఫలానా ప్రభుత్వం ఉత్తర్వు అని తెలుసు. అర్జీ పెట్టుకోవడానికి ఒక చోటు ఉంది. ఎత్తేయగలిగిన వ్యక్తి ఎవరో ఊరందరికీ తెలుసు. నా పాటలను ఆపినది మనిషో యంత్రమో కూడా నాకు తెలియదు.

ప్రభుత్వం ఆపినా ఇంతే కదా అనవచ్చు. కొంత తేడా ఉంది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆదేశాల తర్వాత టిక్‌టాక్‌ను స్టోర్ల నుంచి తీసేశారు, ఆ కంపెనీ కోర్టులో వాదించుకున్నాక అదే నెల 24న నిషేధం ఎత్తేశారు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు వాడినది, ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని ఆపే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చే ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దాని ప్రకారం, కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టేసిన సుప్రీంకోర్టు 69ఏ సెక్షన్‌ను నిలబెట్టడానికి అలాంటి రక్షణలు ఉండటమే ఒక కారణం. ఆ ఉత్తర్వులను గోప్యంగా ఉంచుతున్నారన్న విమర్శ ఉంది, అది సరైన విమర్శే. కానీ కారణం రాసి తీరాలన్న సూత్రమైనా అక్కడ ఉంది. స్టోర్‌కు అలాంటి బాధ్యత ఏ మేరకు ఉండాలో మన చట్టాలు ఇప్పటికైనా తేల్చాలి.

స్టోర్ కాదంటే వేరే దారి ఉంది కదా అని మీ ప్రశ్న కింద ఒకరు రాశారు. ఆండ్రాయిడ్‌లో స్టోర్ లేకుండానే యాప్‌ను వేసుకునే ఏపీకే ఫైలును నేరుగా వేసుకోవచ్చు, 2010 నుంచి ఎఫ్-డ్రాయిడ్ అనే వేరే యాప్ స్టోర్ కూడా ఉంది, నిజమే. ఐఫోనుకు యూరోపియన్ యూనియన్‌లో 2024 మార్చి నుంచి వేరే స్టోర్లకు అనుమతి వచ్చింది, మనకు ఆ వెసులుబాటు లేదు. కానీ అమ్మమ్మ ఊళ్లో ఏపీకే వేసుకోవడం నేను ఎవరికీ నేర్పలేదు. ఈ రోజు నా పాటల కోసం ఫోను చూపే హెచ్చరికను పట్టించుకోవద్దని చెబితే, రేపు వాట్సాప్‌లో ఎవరో పంపిన దొంగ ఫైలుకూ వాళ్లు అలాగే సరే అని నొక్కుతారు. మా పక్కింట్లో జరిగినది చూశాక ఆ పని నా వల్ల కాదు. అందుకే స్టోర్ తలుపు సరిగ్గా ఉండాలని ఇంతగా పట్టుబడుతున్నాను.

ఇక మీ యాప్ సంగతి. కథలన్నీ ఒకేసారి పెట్టకండి. పదేసి చొప్పున పెడితే, ఆగినప్పుడు ఏ పదిలో తేడా వచ్చిందో తెలుస్తుంది. వయసు రేటింగ్ ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు జవాబివ్వండి, తక్కువ వయసు చూపించాలన్న ఆశ వద్దు. స్టోర్ పేజీలో కనిపించే వివరణలో, స్క్రీన్‌షాట్లలో రెండర్థాలకు తావిచ్చే మాట లేకుండా చూసుకోండి. తిరస్కరణ వస్తే ఆ కోపంలో జవాబు రాయకండి, నా మొదటి సందేశం అలా పాడైంది. అన్నిటికన్నా ముఖ్యం, నాలాగా ఊహించుకుని కథలు తీసేయకండి. ఏ భాగమో చెప్పమని అడగండి, రెండుసార్లైనా అడగండి.

నాకు పని చేసినది మా పెద్దమ్మ సాయం. ఆవిడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివారు. ఒక్కో పాటకు నాలుగేసి వాక్యాల వివరణ రాసిచ్చారు: ఎవరు పాడతారు, ఏ సందర్భంలో, అభ్యంతరం అనిపించే పదానికి ఆ చోట అర్థం ఏమిటి. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అప్పీలుతో జతచేశాను. పదిహేను రోజులకు అప్పగింతల పాటను తిరిగి అనుమతించారు. అంటే అవతల ఎవరో ఒక మనిషి చదివారనే నమ్ముతున్నాను, వారికి కృతజ్ఞుడిని. మిగిలిన రెండూ వియ్యపురాలి పాటలు, వాటికి ఒప్పుకోలేదు. వాటిలో మాటలు నిజంగానే ఘాటుగా ఉంటాయి, పిల్లలకు పెట్టవద్దంటే అర్థం ఉంది. పెద్దల రేటింగ్ ఇస్తామన్నా ఎందుకు కుదరదో మాత్రం ఇంతవరకు చెప్పలేదు. మూడోసారి అప్పీలు పెట్టాను, జవాబు కోసం చూస్తున్నాను. ఈలోగా ఆ రెండింటినీ సొంత వెబ్‌సైటులో పెట్టాను.

పెద్దమ్మ రాసిన వివరణల నమూనా ఒకటి నా దగ్గర ఉంది. మీకు కావాలంటే ఇక్కడే చెప్పండి, మొత్తం పెడతాను. మీ కథల్లో మీకు అనుమానంగా ఉన్న పదాలేమిటో కూడా రాస్తే, పెద్దమ్మను అడిగి చెబుతాను.