గీత కంటే ముందు స్కేలు చూడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రిపోర్టులు చదివి పైవాళ్లకు చెప్పే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. ఒక్క అలవాటు చేసుకో అమ్మా. గ్రాఫ్ ఎదురుగా రాగానే గీత ఎటు పోతోందో చూడకు. నిలువు అక్షం ఎంత దగ్గర మొదలైంది, ఒక్కో గడికి ఎంత పెరుగుతోంది అన్నది ముందు చదువు. గీత ముందు చూశావంటే మనసులో ఒక అభిప్రాయం పడిపోతుంది, తర్వాత అంకెలు చదివినా అది ఒక పట్టాన వదలదు.

బార్ గ్రాఫ్‌తో మరీ జాగ్రత్త. ఒక బార్ 96, పక్కది 98 అనుకో. స్కేలు 95 దగ్గర మొదలుపెడితే మొదటిది ఒక గడి, రెండోది మూడు గడులు. కంటికి మూడింతలు, అసలు తేడా రెండు శాతం పైచిలుకు! బార్‌లో మనం పోల్చేది పొడవునే కాబట్టి అది సున్నా నుంచి లేవాల్సిందే. ఇందులో రాజీపడకు.

అలాగని అన్నిటికీ సున్నా పట్టుకుని కూర్చోకు. 98.6 నుంచి 102 డిగ్రీలకు ఎక్కిన జ్వరాన్ని సున్నా నుంచి గీస్తే గీత దాదాపు చదునుగా ఉంటుంది. ఒళ్లు కాలిపోతున్నా కాగితం మీద ఏమీ జరగనట్టే. లైన్ గ్రాఫ్‌లో చూడాల్సింది మార్పుని. ఎంత మార్పు లెక్కలోకి వస్తుందో ఆ విషయం తెలిసినవాళ్లని అడుగు.

ఎక్కువమంది తడబడేది లాగ్ స్కేలు దగ్గర. 2020లో కరోనా కేసుల గ్రాఫులు చాలా వాటిని అలాగే వేశారు. అందులో 100 నుంచి 1000కి ఎంత ఎత్తో, 1000 నుంచి 10000కీ అంతే ఎత్తు. మొదటి మెట్టులో 900 కేసులు, రెండో మెట్టులో 9000. గీత కాస్త వంగగానే తగ్గుముఖం పట్టిందనుకుంటారు. నిజానికి రెట్టింపు కావడానికి ముందుకంటే ఎక్కువ రోజులు పడుతోందని మాత్రమే దానర్థం, రోజూ చేరే కొత్త కేసులు ఇంకా పెరుగుతూనే ఉండొచ్చు. రెట్టింపయ్యే వేగం చూడటానికి మాత్రం అంతకంటే మంచి స్కేలు లేదు. నువ్వు వేసేటప్పుడు లాగ్ స్కేలని పైనే పెద్దగా రాయి.

ఎడమవైపు ఒక స్కేలు, కుడివైపు ఇంకోటి పెట్టి రెండు గీతలు జంటగా నడుస్తున్నాయంటే వెంటనే నమ్మకు. ఒకదాన్ని కాస్త సాగదీస్తే అవి కోరుకున్నచోట కలుస్తాయి. అడ్డ అక్షం మీద 2000, 2010, 2020, 2021 సమాన దూరంలో ఉన్నాయేమో కూడా చూసుకో, పదేళ్లకీ ఒక్క ఏడాదికీ ఒకే దూరం ఉండకూడదు.

అనుమానం వస్తే అసలు అంకెలు అడిగి తెప్పించుకుని, స్కేలు మార్చి నువ్వే మళ్లీ గీయి. కథ మారిపోయిందంటే రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి మీ పైవాళ్లకు చూపించు.

మీ మామయ్య