చిన్న మిక్సర్, ఆరుగురి చెవులు

ప్రశ్న: మేము హనుమకొండలో ఆరుగురం కలిసి ఒక చిన్న ఆర్కెస్ట్రా నడుపుతున్నాము. ఇద్దరు గాయకులు, కీబోర్డు, గిటార్, రిథమ్ ప్యాడ్, ఢోలక్. పెళ్లిళ్లలోనూ బతుకమ్మ, వినాయక నవరాత్రుల వేడుకల్లోనూ కార్యక్రమాలు ఇస్తాము. మా వద్ద ఉన్నది పన్నెండు ఛానళ్ల అనలాగ్ మిక్సర్. ఢోలక్ పక్కన నిలబడే గాయనికి మానిటర్ స్పీకర్‌లో తన గొంతు వినపడక శ్రుతి తప్పుతోంది. స్పీకర్ పెంచితే మైకు కూత పెడుతోంది. అందుకని ఇన్‌ఇయర్ ఇయర్‌ఫోన్లు కొని, మిక్సర్‌లోని హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీగ లాగాము. హాల్లో వాల్యూమ్ మార్చినప్పుడల్లా చెవుల్లో కూడా మారుతోంది. మొన్న ఒక పెళ్లిలో చరణం మధ్యలో ఉన్నట్టుండి ఢోలక్ ఒక్కటే వినపడి మిగతావన్నీ మాయమయ్యాయట. సరైన పద్ధతి ఏమిటి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. హెడ్‌ఫోన్ జాక్ మిక్సర్ ముందు కూర్చున్నవారి కోసం పెట్టినది, వేదిక మీది కళాకారుల కోసం కాదు. సాధారణంగా అందులో హాల్లోకి వెళ్లే మెయిన్ మిక్సే వినపడుతుంది; ఆపరేటర్ ఏదైనా ఛానల్ మీద పీఎఫ్ఎల్ బటన్ (ఒక ఛానల్‌ను విడిగా విని పరీక్షించుకునేది) నొక్కితే మిగతావన్నీ తప్పుకుని ఆ ఒక్క ఛానలే వినపడుతుంది. ఆ రోజు ఆయన ఢోలక్ స్థాయిని పరీక్షించుకుని ఉంటారు, పాపం, తన పని తాను చేసుకున్నారు.

కళాకారుల చెవులకు వెళ్లవలసిన ధ్వనిని ఆక్స్ నుంచి, అంటే ప్రతి ఛానల్ నుంచి కావలసినంత తీసి వేరే మిక్సుగా బయటికి పంపే దారి నుంచి తీసుకోవాలి. అయితే ఆక్స్‌లలో రెండు రకాలున్నాయి, తేడా తెలియక చాలామంది పొరబడేది ఇక్కడే. మన ప్రాంతంలో చెరువులు తెలియనివారు ఉండరు కనుక అలాగే చెబుతాను. ఫేడర్‌ను, అంటే హాల్లోకి వెళ్లే ఛానల్ స్థాయిని ఎత్తి దించే మీటను, మొదటి తూము అనుకోండి. ఒకే చెరువుకు రెండు తూములుంటే, ఒక తూమును ఎంత తెరిచినా మూసినా రెండో తూము నుంచి పారే నీరు దాని లెక్కన అది పారుతూనే ఉంటుంది; ఇది ప్రీ ఫేడర్ ఆక్స్. అలా కాక, మొదటి తూము కింద పారే కాలువ నుంచే ఒక పిల్ల కాలువను చీల్చితే, పైన తూము దించిన మరుక్షణం పిల్ల కాలువ కూడా ఎండిపోతుంది. ఇది పోస్ట్ ఫేడర్ ఆక్స్. చెవుల కోసం మొదటి రకమే కావాలి. చిన్న మిక్సర్లలో ఎఫ్ఎక్స్ (ఎఫెక్ట్స్) అని రాసి ఉన్న ఆక్స్ సాధారణంగా పోస్ట్ రకానిది. దాని పక్కనున్న ఆక్స్‌కు ప్రీ అనే చిన్న బటన్ ఉందేమో చూసి నొక్కి ఉంచండి. అనుమానముంటే, ఒకరు పాడుతుండగా ఆ ఛానల్ ఫేడర్‌ను పూర్తిగా కిందికి దించి చూడండి: చెవుల్లో గొంతు నిలిచి ఉంటే అది ప్రీ, దానితోపాటే పోతే పోస్ట్.

ఇదే పోలికలో గెయిన్, అంటే మైకు సంకేతాన్ని ఛానల్ మొదట్లోనే పెంచే నాబ్, చెరువు నీటి మట్టం వంటిది. దానిని కదిలిస్తే రెండు తూముల పారుదలా మారుతుంది. అందుచేత ముందుగా ప్రతి మైకుకు, ప్రతి వాద్యానికి పీఎఫ్ఎల్ నొక్కి, కార్యక్రమంలో పాడేంత గట్టిగా పాడించి, మీటరు సున్నా దగ్గర ఆడేటట్టు గెయిన్ నిలపండి. ఆ తరువాతే ఆక్స్ నాబ్‌లను ముట్టుకోండి. కార్యక్రమం మధ్యలో హాల్లో గొంతు తగ్గిందనిపిస్తే ఫేడర్ ఎత్తాలి తప్ప గెయిన్ తిప్పకూడదు, ఎందుకంటే ఆ ఒక్క తిప్పుతో అందరి చెవుల్లోని మిక్సులూ మారిపోతాయి.

ఇక తీగల సంగతి. ఆక్స్ ఔట్ నుంచి వచ్చేది లైన్ స్థాయి సంకేతం, దానికి ఇయర్‌ఫోన్‌ను నేరుగా నడిపే శక్తి ఉండదు. మధ్యలో హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ తప్పనిసరి. పైగా చాలా మిక్సర్లలో ఆ జాక్ బ్యాలెన్స్‌డ్ రకానిది: కొన మీద ఉన్న సంకేతానికి తలకిందులైన రూపమే దాని పక్క వలయం మీద ఉంటుంది. స్టీరియో ఇయర్‌ఫోన్‌ను అందులో నేరుగా గుచ్చితే ఒక చెవికి నిలువుగా, రెండో చెవికి తలకిందులుగా వెళ్లి, గొంతు తల మధ్యలో నిలవకుండా ఎటో బయట తేలుతున్నట్టు ఉంటుంది. యాంప్లిఫైయర్ వాడినప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం: ఆక్స్ మోనో, యాంప్లిఫైయర్ స్టీరియో, దాని మోనో బటన్ నొక్కకపోతే ఎడమ చెవికే వినపడవచ్చు.

ఆరుగురికి ఆరు వేర్వేరు మిక్సులు కావాలని అడుగుతారు, కానీ మీ మిక్సర్‌లో ఉన్నన్ని ప్రీ ఆక్స్‌లే మీకు మిక్సులు. రెండుంటే గాయకులకు ఒకటి, వాద్యకారులకు ఒకటి ఇవ్వండి. ఒక్కటే ఉంటే దానిని గాయకుల అవసరానికి తగ్గట్టుగానే కట్టండి. ప్యాడ్, ఢోలక్ వాయించేవారికి పాత మానిటర్ స్పీకరునే ఉంచడంలో తప్పులేదు. నాలుగు ఇయర్‌ఫోన్ పాయింట్లున్న యాంప్లిఫైయర్ కొంటే నలుగురికి ఎవరి వాల్యూమ్ వారి చేతిలో ఉంటుంది, అయితే లోపలి మిక్సు అందరికీ ఒకటేనని ముందే చెప్పి ఉంచడం మంచిది.

మిక్సు కట్టేటప్పుడు ఆక్స్ నాబ్‌లన్నీ సున్నాలో ఉంచి మొదలుపెట్టండి. గాయనికి మొదట తన గొంతు. ఆ తరువాత శ్రుతి పట్టుకోవడానికి కీబోర్డు. ఆపైన తాళానికి చాలినంత ప్యాడ్. ఢోలక్ పక్కనే మోగుతోంది కనుక ఆమె చెవుల్లోకి దాదాపు అవసరమే ఉండదు. "నా గొంతు ఇంకా పెంచండి" అని అడిగినప్పుడు చేయి వెంటనే ఆమె నాబ్ మీదికి పోతుంది, కానీ ముందు కీబోర్డును కొద్దిగా తగ్గించి చూడండి, పదింట ఎనిమిదిసార్లు అంతటితోనే తృప్తి పడతారు. బేస్ బొత్తిగా లేదంటే ఈక్వలైజర్ తిప్పకముందు చెవి రబ్బర్లు చూడండి: రబ్బరు వదులుగా కూర్చుంటే ముందుగా పోయేది బేసే. మూడు సైజులూ పెట్టి చూసి, బయటి మాటలు బాగా మందగించేదానిని ఎంచుకోండి.

చెవులు మూసుకున్న గాయకులకు రెండు వెలితులు తోస్తాయి. మొదటిది, రివర్బ్ (ప్రతిధ్వని) లేని తమ గొంతు ఎండినట్టుగా వినపడటం. రివర్బ్ రిటర్న్‌కు (ఆ ప్రతిధ్వని మిక్సర్‌లోకి తిరిగి వచ్చే చోటుకు) మీ మిక్సర్‌లో ఆక్స్ నాబ్ ఉంటే చిటికెడు కలపండి. రెండవది జనం వినపడకపోవడం. బతుకమ్మ ఆటలో ఇది నిజంగా సమస్యే, ఎందుకంటే అక్కడ తాళం వేసేది చుట్టూ తిరిగే ఆడవాళ్ల చప్పట్లే. వేదిక అంచున జనం వైపు ఒక మైకు నిలిపి, దాని ఆక్స్‌ను కొంచెం ఎత్తి, ఫేడర్‌ను అట్టడుగునే ఉంచండి. ఆక్స్ ప్రీ రకానిది కనుక చప్పట్లు చెవులకు చేరతాయి, హాల్లోకి రావు. ఆ ఛానల్‌కు మ్యూట్ మాత్రం నొక్కవద్దు, చాలా మిక్సర్లలో మ్యూట్ ఆక్స్‌ను కూడా ఆపేస్తుంది.

చెవుల భద్రత గురించి గట్టిగానే చెప్పాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజుకు 8 గంటల వరకు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. మన పెళ్లి కార్యక్రమం మూడు గంటలకు తక్కువ ఉండదు. ఒక చెవికి తీసేసి రెండో చెవితో పాడే అలవాటు మరీ చేటు, ఎందుకంటే బయటి హోరును దాటడానికి ఆ మిగిలిన చెవిలో వాల్యూమ్ పెంచుతూనే పోతారు. ఒకసారి నేను చూస్తుండగానే ఒక గాయకుని చేతిలోంచి మైకు జారి నేల మీద పడింది. ఆయన రెండు ఇయర్‌ఫోన్లూ పెరికేసి, తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. ఆక్స్‌కూ హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్‌కూ మధ్య ఒక లిమిటర్ (ధ్వనిని ఒక హద్దు దాటనివ్వని పరికరం) ఉంటే ఆ దెబ్బ అంతగా తగిలేది కాదు. మైకు తీగ పీకేటప్పుడూ పెట్టేటప్పుడూ ఆక్స్ మాస్టర్‌ను (ఆ ఆక్స్ మొత్తం స్థాయిని మార్చే నాబ్‌ను) ముందే దించడం ఖర్చులేని జాగ్రత్త.

ప్రశ్న: తీగలు కాళ్లకు అడ్డం పడుతున్నాయి. ఫోనుకు వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ను ఇన్‌ఇయర్‌గా వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వాడవద్దు. మామూలు బ్లూటూత్‌లో ధ్వని 100 మిల్లీసెకన్లు, తరచుగా అంతకంటే ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు మధ్య ఎడం 500 మిల్లీసెకన్లు, అంటే మీరు ఐదో వంతు వెనకబడి పాడుతుంటారు. గాలిలో ధ్వని అంత సమయంలో సుమారు 34 మీటర్లు పోతుంది; ఢోలక్‌ను ఫంక్షన్ హాల్ గేటు దగ్గర కూర్చోబెట్టి వేదిక మీద పాడినట్టే. వేదికల కోసమే తయారైన వైర్‌లెస్ సెట్లు వేరు. అవి కొనే స్తోమత వచ్చేవరకు నడుముకు తగిలించుకునే తీగ ప్యాక్ (చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్) వాడి, తీగను మైకు తీగతో కలిపి టేపు చుట్టండి.

ప్రశ్న: మేము వెళ్లిన చోటల్లా సౌండ్ వేరేవాళ్లది. వాళ్ల మిక్సర్‌ను ముట్టుకోనివ్వరు. మా చిన్న మిక్సర్‌తో మా చెవుల మిక్సు మేమే చేసుకోగలమా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చేసుకోవచ్చు, నిజానికి అదే మేలైన పద్ధతి. ప్రతి మైకును స్ప్లిటర్ ద్వారా రెండుగా చీల్చి ఒక పాయను వాళ్ల మిక్సర్‌కు, రెండోదానిని మీ మిక్సర్‌కు ఇవ్వండి. అప్పుడు మీ గెయిన్ మీదే, వాళ్ల గెయిన్ వాళ్లదే. మీ మిక్సర్‌ను హాల్లోకి కలపరు కనుక మెయిన్ ఔట్‌ను కూడా ఒక మిక్సుగా వాడుకోవచ్చు. కండెన్సర్ మైకులుంటే వాటికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్‌ను (మైకు తీగలోనే వెళ్లే కరెంటును) ఒక్క మిక్సర్ నుంచే ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్‌లో అది డైరెక్ట్ అని రాసి ఉన్న పాయ వైపు నుంచి మాత్రమే వెళుతుంది, కాబట్టి ఆ పాయ ఎవరికన్నది తీగలు పరిచేముందే మాట్లాడుకోండి.

రెండు మిక్సర్లు కలిస్తే హమ్మింగ్ రావచ్చు. వీలైతే రెండింటికీ ఒకే పాయింటు నుంచి కరెంటు తీసుకోండి. అప్పటికీ తగ్గకపోతే స్ప్లిటర్ మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ (మైకు తీగలోని గ్రౌండ్ కలయికను తెంచేది) నొక్కండి. హమ్మింగ్ పోవాలని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరగ్గొట్టేవారిని మన దగ్గర చాలామందిని చూశాను. మెటల్ మైకు పెదవులకు ఆనించి పాడేది మీరు. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఆ పని ఎవరు చేయబోయినా చేయనివ్వకండి.